పైన నిలబడినాయన

నేను వాయుసేన వాతావరణ విభాగంలో సార్జెంటుని. నా పేరు తిరుపాలు, మాది నంద్యాల దగ్గర. బెంగళూరు వచ్చి ఆరేళ్ళయింది. నా పని వినేవాళ్ళకు చప్పగా ఉంటుంది. తెల్ల రబ్బరు బెలూన్‌లో గ్యాస్ నింపి వదలడం, అది ఎటు కొట్టుకుపోతుందో చూసి పైన గాలి ఎలా వీస్తోందో రాయడం. అంతే. ఆకాశంలో ఏదో వింత కనబడిందని ఎవరైనా అర్జీ పెడితే ఆ కాగితం చివరికి మా బల్ల మీదికే వస్తుంది. చాలావరకు అవి మా బెలూన్లే. కాకపోతే శుక్రుడు, లేదా ఎవరి పెళ్ళిలోనో ఎగరేసిన కాగితం దీపం, ఈమధ్య డ్రోన్లు.

పోయిన జనవరిలో వచ్చిన కాగితం మాత్రం జనం రాసింది కాదు. మా పైలట్ రాసింది.

సాయంత్రం ఆరుంబావుకు అత్తిబెలె మీదుగా దిగుతున్న రవాణా విమానం అతనిది. అతను రాసింది మూడే మూడు వాక్యాలు. ‘మూడు వేల అడుగుల ఎత్తులో ఒక మనిషిని చూశాను. నిలబడి ఉన్నాడు. కిందికి చూస్తున్నాడు.’ రాడార్ మీద ఏమీ లేదు.

విచారణ స్క్వాడ్రన్ లీడర్ అభిజిత్ గారికి అప్పగించారు. విశాఖపట్నం ఆయన. ముప్పై ఐదేళ్ళుంటాయి. నాతో ఎప్పుడూ తెలుగులోనే, ‘నువ్వు’ అనే మాట్లాడేవారు. మా అమ్మకు కంటి ఆపరేషన్ అయినప్పుడు నేను అడక్కుండానే పది రోజుల సెలవు రాయించిన మనిషి. ‘నువ్వు నాతో ఉండు తిరుపాలూ. బెలూన్ అని నువ్వు తేలిస్తే నేను సంతకం పెడతా’ అన్నారు.

ముందు ఆ పైలట్‌ని పిలిపించాం. కుర్రాడేం కాదు, పదేళ్ళ అనుభవం ఉన్నవాడు. గదిలోకి వచ్చి, సెల్యూట్ చేయబోయి, అభిజిత్ సార్ ముఖం చూసి ఆగిపోయాడు. చెయ్యి సగంలోనే ఉండిపోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ముఖం కనబడిందా?” అని అడిగారు సార్.

“లేదు సార్. నేనే పొరబడ్డాను. ఆ కాగితం తీసేయండి.”

నేల చూస్తూనే చెప్పాడు. సార్ ఎంత అడిగినా అదే జవాబు. బయటికి పంపించాక నేను ఫైలు పట్టుకుని వరండాలోకి వచ్చాను. అతను అక్కడే గోడకు ఆనుకుని ఉన్నాడు. నా మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి చల్లగా, తడిగా ఉంది.

“ఆయన్ని అక్కడికి వెళ్ళనివ్వకు” అన్నాడు హిందీలో, చాలా మెల్లగా.

విచారణలో ఇరుక్కుంటానని భయపడుతున్నాడేమో అనుకున్నాను. సార్‌కి చెప్పలేదు.

మరో వారానికి పోలీసుల ద్వారా ఇంకో అర్జీ వచ్చింది. అత్తిబెలె దాటాక ఒక పల్లెలో గులాబీలు పెంచే శ్రీనివాసప్ప అనే రైతు పెట్టుకున్నది. రోజూ పొద్దు కుంకే వేళకు తన తోట పైన ఏదో నిలబడుతోందని, రోజుకు కొంచెం కిందికి దిగుతోందని, కూలివాళ్ళు పనికి రావడం మానేశారని. పైలట్ చెప్పిన చోటూ అదే, వేళా అదే.

“మంగళవారం వెళ్దాం. నీ థియోడలైట్ కూడా పెట్టుకో” అన్నారు సార్. ఎగిరే బెలూన్‌ని వెంటాడి చూసే దూరదర్శిని అది. మూడు కాళ్ళ స్టాండు మీద నిలబెట్టి చూస్తే మైలు దూరంలో ఉన్నది కూడా పక్కింటి గోడంత దగ్గరగా కనిపిస్తుంది.

మధ్యాహ్నం రెండున్నరకు ఆఫీసు కారులో బయల్దేరాం. నేనే నడిపాను. బెళ్ళందూరు దగ్గర ముప్పావు గంట ఇరుక్కుపోయాం. అక్కడే సార్‌కి ఇంటినుంచి ఫోన్ వచ్చింది. ఆయన కూతురు వర్షిణికి ఐదేళ్ళు. స్పీకర్‌లో పెట్టారు.

“డాడీ, ఎన్నింటికి వస్తావు?”

“నువ్వు నిద్రపోయేలోపల.”

“నిద్ర వస్తే?”

“ఆపుకోవే కొంచెం. వచ్చి కథ చెప్తాగా.”

ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

హోసూరు రోడ్డు దిగి లోపలికి తిరిగాక ఊరి రంగు మారింది. ఎర్రమట్టి దారి. అటూ ఇటూ పాలీహౌస్‌లు, ఇనుప గొట్టాల మీద పాలరంగు ప్లాస్టిక్ పట్టా కప్పిన పెద్ద పెద్ద షెడ్లు. చలికాలం ఎండ వాటి మీద పడి మెరుస్తోంది. గాలికి పట్టా ఉబ్బుతూ, అణుగుతూ ఉంది. తడి మట్టి వాసన, మందు కొట్టిన ఆకుల వాసన. మామూలు పల్లె. భయపడాల్సిందేమీ లేదు.

శ్రీనివాసప్ప అరవై ఏళ్ళ మనిషి. ఎన్నో తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. కారు చూసి రెండు కుర్చీలు పట్టుకుని నవ్వుతూ ఎదురొచ్చాడు. నేను దిగి నమస్కారం చేశాను. సార్ అటువైపు తలుపు తీసుకుని దిగి, టోపీ పెట్టుకుని తిరిగారు.

శ్రీనివాసప్ప చేతిలోంచి కుర్చీ జారి పడింది.

తర్వాత ఆయన మా సార్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన భార్య భాగీరథమ్మ కాఫీ తెచ్చింది. సార్ ముందు పెట్టే గ్లాసు బల్ల మీద టకటక కొట్టుకుంది. పెట్టి, వెనక్కి అడుగులేసుకుంటూ లోపలికి పోయింది.

“ఎలా ఉంటుందండీ అది?” అని అడిగారు సార్.

“తెలీదు సార్” అన్నాడు శ్రీనివాసప్ప, కింద మట్టిని చూస్తూ.

“మరి అర్జీ పెట్టారుగా?”

“అప్పుడు దూరంగా ఉండె సార్. చుక్క మాదిరి ఉండె.”

“ఇప్పుడు?”

ఆయన పంపు కట్టేసి వస్తానని లేచి పాలీహౌస్ వెనక్కి పోయాడు.

నేను చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి వెళ్ళాను. భాగీరథమ్మ గోడ చాటునుంచి వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గాలి పీల్చినంత మెల్లగా మాట్లాడింది.

“అప్పా, నీ మాట మా మాట మాదిరే ఉండాది. అందుకని చెప్తా ఉండా. ఆయప్పను పిలుచుకోని పో. బేగ పో.”

“ఎందుకమ్మా?”

“మొదట చుక్క మాదిరి ఉండె. ఆమేల కొయ్య మాదిరి. నాలుగు దినాల నించి ముఖం తెలుస్తా ఉండాది.”

“ఎవరి ముఖం?”

గడ్డంతో మా సార్ కూర్చున్న వైపు చూపించింది.

“ఆ ముఖమే. ఆ నీలం చొక్కానే, ఆ టోపీనే. చేతులు రెండూ పక్కన పెట్టుకోని నిలబడుకోనుంటాడు. కండ్లు ఆర్పడు. కిందికే చూస్తా ఉంటాడు... ఎవరి కోసమో కాచుకోనుండే మాదిరి. ఈ పొద్దు ఆయప్ప కారు దిగినాక తెలిసె, ఎవరికోసమో.”

నా వేళ్ళ మీంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పైలట్ సగంలో ఆపిన సెల్యూట్ గుర్తొచ్చింది. వాచీ చూసుకున్నాను. ఐదూ నలభై.

తిరిగి వచ్చి, “సార్, బయల్దేరదామా? చీకటి పడితే ట్రాఫిక్ ఎక్కువవుతుంది” అన్నాను.

సార్ నవ్వారు. “ఇంత దూరం వచ్చి చూడకుండా పోతామా? స్టాండు నిలబెట్టు.”

ఇంకొక్క మాట చెప్పి ఉండొచ్చు. పైన ఉన్నది మీరేనట సార్ అని. ఒక సార్జెంటు తన అధికారితో ఆ మాట ఎలా అంటాడు? అనలేదు. స్టాండు నిలబెట్టాను.

ఆరుంబావు దాటింది. పడమట ఎరుపు పల్చబడి బూడిద రంగు కమ్ముకుంది. అంతవరకు అరిచిన గోరింకలు ఒక్కసారిగా ఊరుకున్నాయి. గాలి కూడా ఆగిపోయింది. అప్పటిదాకా ఉబ్బుతూ అణుగుతూ ఉన్న ప్లాస్టిక్ పట్టా బిగుసుకున్నట్టు కదలకుండా నిలిచింది. వాసనొకటి వచ్చింది. పువ్వులది కాదు, మందుది కాదు. వేడెక్కిన ఇనుము మీద నీళ్ళు చల్లినప్పుడు వచ్చే వాసన.

“అదేంటి?” అన్నారు సార్, వేలు చూపిస్తూ.

పాలీహౌస్‌కు సరిగ్గా పైన, మూడు నాలుగు కొబ్బరిచెట్ల ఎత్తులో, ఆ మసక వెలుతురులో ఉత్త కంటికి నల్లటి నిలువు గీత. ఊగడం లేదు. బెలూన్ ఏదైనా ఊగుతుంది. అది నాకు తెలుసు, నా పనే అది.

థియోడలైట్‌కి కన్ను ఆనించాను. మర తిప్పుతూ పైకి వెతికాను. మొదట బూట్లు కనిపించాయి. నల్ల బూట్లు. కింది నుంచి చూస్తున్నాను కాబట్టి వాటి అడుగుభాగాలు కనిపిస్తున్నాయి. కొత్త బూట్లలా శుభ్రంగా ఉన్నాయి, ఎన్నడూ నేల తాకనట్టు. తర్వాత ప్యాంటు ఇస్త్రీ మడత. బెల్టు. ఆకాశనీలం చొక్కా. జేబు మీద పేరు పలక. అక్షరాలు చదవగలిగాను.

ముఖం దగ్గరికి వచ్చాను...

సార్ ముఖమే. కనుబొమ మీది చిన్న గాటుతో సహా. కళ్ళు తెరిచి ఉన్నాయి. రెప్పలు పడడం లేదు. అవి నన్ను చూడడం లేదు. నా పక్కన, భుజానికి భుజం తగిలేలా నిలబడ్డ మనిషిని చూస్తున్నాయి.

“ఏం కనబడింది?” సార్ నా చెవి దగ్గరే అడిగారు. ఊపిరి వెచ్చగా తగిలింది.

“బెలూన్ సార్” అన్నాను.

“బెలూనేనా?”

“పగిలిన బెలూన్ సార్... రబ్బరు వేలాడుతోంది.”

“నన్ను చూడనీ.”

ఆయన కన్ను ఆనించేలోపు నేను మర తిప్పేశాను. దూరదర్శిని ఖాళీ ఆకాశం వైపు తిరిగింది. “గురి తప్పింది సార్” అన్నాను. ఎందుకలా చేశానని ఇప్పుడు అడిగితే చెప్పలేను. ఆయన ఆ ముఖం చూడకూడదని మాత్రం అనిపించింది. చూసి ఉంటే పారిపోయేవారేమో. బతికేవారేమో.

తల ఎత్తి చూసేసరికి ఆ గీత అక్కడ లేదు.

ఇంటి గుమ్మంలో నిలబడ్డ భాగీరథమ్మ నోటినుంచి ఒక్క మాట వచ్చింది.

“దిగె.”

పాలీహౌస్ పట్టా మీద చప్పుడు. బరువైనదేదో మెత్తగా కాలు మోపిన చప్పుడు. మళ్ళీ నిశ్శబ్దం. ఆ తర్వాత లోపలి నుంచి ఒక గొంతు.

“తిరుపాలూ, ఇటు రా.”

సార్ గొంతు. సార్ నా పక్కనే ఉన్నారు, పెదవులు కదల్లేదు.

ఆయన నా వైపు తిరిగారు. “నా గొంతులా లేదూ?” అన్నారు. నవ్వబోయారు కానీ నవ్వు రాలేదు.

“వెళ్దాం సార్. కారు ఎక్కండి.”

“లోపల ఎవరో ఉన్నారు. ఎవరో ఆటలాడుతున్నారు. వెతక్కుండా వెళ్తే నేను విచారణ ఏం చేసినట్టు?”

“సార్, వద్దు.”

“నువ్వు గుమ్మం దగ్గర ఉండు. అటు తలుపు నుంచి ఎవరైనా బయటికి వస్తే చూడు.”

టార్చి వెలిగించి లోపలికి వెళ్ళారు. నేను గుమ్మం చట్రం పట్టుకుని నిలబడ్డాను. లోపల బారులు బారులుగా గులాబీ మొక్కలు, మధ్యలో నడవడానికి వదిలిన కాలవలో ఎర్ర బురద. ఆయన బూట్లు బురదలో చప్ చప్ మంటున్నాయి. టార్చి వెలుగు దూరమవుతోంది.

అప్పుడు చూశాను. పట్టా లోపలి వైపు పట్టిన తేమ చుక్కలు రాలుతున్నాయి. అన్నిచోట్లా కాదు. ఒక చోట ఆరేడు చుక్కలు. ఒక అడుగు అవతల మళ్ళీ ఆరేడు. మరో అడుగు అవతల... సార్ కింద నడుస్తున్నారు. పైన ఏదో ఆయనతో సమానంగా నడుస్తోంది. పట్టా మీద రెండు గుంటలు, పాదాలంత, ఒకటి విడిచి ఒకటి ముందుకు పోతున్నాయి.

సార్ ఆగారు.

గుంటలు ఆగాయి.

“తిరుపాలూ...” అన్నారు ఆయన. ఈసారి నిజంగా ఆయనే. నాకు తెలుసు, ఆ గొంతులో భయం ఉంది. “పైన...”

టార్చి ఆరిపోయింది.

నేను లోపలికి పరిగెత్తలేదు. చాలాసార్లు అనుకున్నాను, పరిగెత్తానని చెప్పుకుందామని. పట్టుకున్న గుమ్మం చట్రం వదల్లేదు. లోపల కొమ్మ విరిగిన చప్పుడు లేదు, అరుపు లేదు. ఒక్కసారి పట్టా మొత్తం పైకి ఉబ్బింది, లోపలి గాలినంతా ఎవరో పైకి పీల్చినట్టు. నా చొక్కా కూడా లోపలి వైపు లాగుకుంది. తర్వాత మెల్లగా అణిగింది. ఆగిన గాలి మళ్ళీ వీచింది.

రెండు నిమిషాలు గడిచాయేమో. అవతలి తలుపు నుంచి ఆయన బయటికి వచ్చారు. టోపీ సరిగ్గా ఉంది. చేతులు రెండూ పక్కన ఉన్నాయి. టార్చి లేదు.

“ఏమైంది సార్?”

“ఏమీ లేదు. పదండి” అన్నారు.

ఆరేళ్ళలో ఆయన నన్ను ‘పదండి’ అనలేదు.

ఇంటి ముందు బల్బు వెలుగులోకి వచ్చాక కిందికి చూశాను. నా బూట్లకు గుమ్మం దగ్గరి బురదే రెండంగుళాలు అంటింది. పొడవునా ఆ కాలవలో నడిచిన ఆయన బూట్లు తళతళలాడుతున్నాయి. పంపు దగ్గర్నుంచి వచ్చిన శ్రీనివాసప్ప మమ్మల్ని చూసి, ఇంట్లోకి పోయి తలుపు గడియ పెట్టుకున్నాడు.

వెనక్కి వస్తుంటే ఆయన ముందు సీట్లో నా పక్కనే కూర్చున్నారు. బెల్టు పెట్టుకోలేదు. ఆ కారులో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే కీచుమని మోగుతూనే ఉంటుంది, పెట్టుకునేదాకా ప్రాణం తీస్తుంది. అత్తిబెలె టోల్‌గేటు దాటాక గానీ నాకు తట్టలేదు. కారు మోగడం లేదు. సీట్లో బరువు లేదన్నట్టు.

ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ మీద ఆయన ఫోన్ మోగింది. తెర మీద పాప ఫొటో. ఆయన దాన్ని చాలాసేపు చూశారు, అదేమిటో తెలియనట్టు. నేనే చెయ్యి చాచి నొక్కాను.

“డాడీ, నేను ఇంకా నిద్రపోలేదు.”

“దిగాను. వస్తున్నాను” అన్నారు ఆయన.

అవతల పాప కాసేపు ‘డాడీ, డాడీ’ అని పిలిచి పెట్టేసింది.

మర్నాడు నివేదిక రాశాను. పగిలిన వాతావరణ బెలూన్ అవశేషం అని. ఆయన సంతకం పెట్టారు. సంతకం సరిగ్గానే ఉంది. విచారణ ముగిసింది. ఆ పైలట్ ఎక్కడికో బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. సార్ రోజూ ఆఫీసుకు వస్తారు, ఫైళ్ళు చూస్తారు, అందరినీ ‘మీరు’ అంటారు. బాగా మర్యాదస్తులయ్యారని మా క్లర్కులు మెచ్చుకుంటున్నారు. ఒకసారి ఆయన భార్య నాకు ఫోన్ చేసింది. “మీ సార్‌కి ఆఫీసులో ఏమైనా ఇబ్బందా అన్నా? రాత్రిళ్ళు పడుకోవడం లేదు. మంచం పక్కన నిలబడి మమ్మల్నే చూస్తూ ఉంటున్నారు” అంది. ఏమీ లేదమ్మా అన్నాను. బెలూన్ అన్నప్పటి నుంచి నేను చెప్పిన అబద్ధాల్లో అది మూడోదో నాలుగోదో.

నిన్న సాయంత్రం ఆరు దాటాక నేను ఆఫీసులో ఒక్కడినే ఉన్నాను. భాగీరథమ్మ ఫోన్ చేసింది.

“అప్పా, పైన మళ్ళా కనబడుతుండాడు.”

“ఎప్పటి నుంచి?” అన్నాను.

“ఆ దినం నించీ ఉండాడు. చెప్పాలంటే భయపడితిమి. మునుపటి మాదిరి లేదప్పా. మునుపు చేతులు కదిలిస్తా ఉండలే. ఇప్పుడు రెండు చేతులూ ఆడిస్తా ఉండాడు. నోరు తెరిచి తెరిచి అరుస్తా ఉండాడు, సద్దు మాత్రం రాదు. మా ఇంటి పక్కకే చూస్తా ఉండాడు.” ఆమె ఏడుస్తోంది. “దినానికి ఇంత పైకి పోతా ఉండాడప్పా. ఈ పొద్దు బొటనవేలంత ఉండాడు. ఏమైనా చేసేదానికి అవుతుందా?”

ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే కిటికీ దగ్గరికి నడిచాను. కింద మైదానం ఖాళీగా ఉంది. మధ్యలో సార్ ఒక్కరే నిలబడి ఉన్నారు. తల పైకెత్తి దక్షిణం వైపు, అత్తిబెలె వైపు చూస్తున్నారు. మెల్లగా కుడి చెయ్యి ఎత్తి ఊపారు. బస్సు కదిలాక చుట్టాన్ని సాగనంపినట్టు.

“అప్పా, ఉండావా?” అంటోంది భాగీరథమ్మ.

ఆయన చెయ్యి దించి ఇటు తిరిగారు. నన్ను చూడలేదు. నేనున్న గది కప్పుకు సరిగ్గా పైన, చాలా ఎత్తులో, ఎక్కడో చూశారు.

మళ్ళీ చెయ్యి ఎత్తారు. ఈసారి ఊపలేదు. వేళ్ళు ముడిచి, కిందికి రమ్మన్నట్టు పిలిచారు.